చెవి ఒకచోట సాయం, ఒకచోట మోసం



ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ మొదటి దశ పరీక్షలో 100 ప్రశ్నలుంటే అందులో 25 ఇంగ్లీషువే. జవాబు తప్పితే అర మార్కు పోతుంది. కన్నడ మీడియంలో చదివిన మన పిల్లలు కొందరు ఈ భయంతో అప్లికేషనే వేయడం లేదు. తమిళ మీడియంలో చదివి రైల్వేలో గుమాస్తాగిరీ చేసిన మాకు ఆ భయం తెలుసు.

తప్పు కనిపెట్టమనే ప్రశ్నల్లో రెండు రకాలు చూడండి.

'షీ లైక్స్ రీడింగ్, రైటింగ్ అండ్ టు సింగ్.' చివర 'సింగింగ్' రావాలి. 'చదవడం, రాయడం, పాడటానికి ఇష్టం' అని మన ఇళ్లలో ఎవరూ అనరు. ఇక్కడ తెలుగు చెవే తప్పు పట్టేస్తుంది.

'ది క్లైమేట్ ఆఫ్ బెంగళూరు ఈజ్ బెటర్ దాన్ చెన్నై.' ఇక్కడ అదే చెవి మోసం చేస్తుంది. 'బెంగళూరు వాతావరణం చెన్నై కంటే బాగుంటుంది' అంటే తెలుగులో చెల్లిపోతుంది, తమిళంలోనూ చెల్లుతుంది. ఇంగ్లీషు పరీక్షలో చెల్లదు. వాతావరణాన్ని ఊరితో పోల్చకూడదు, 'దాన్ దట్ ఆఫ్ చెన్నై' అనాలి. పార్సిల్ బరువును పార్సిల్ బరువుతోనే పోలుస్తాం, స్టేషన్‌తో కాదు కదా!

రూల్ నంబర్లు బట్టీ పట్టిస్తే ఈ తేడా పిల్లలకు అందదు. తెలుగులో పక్కపక్కన పెట్టి చెబితే అందుతుంది. ఆదివారాల్లో మన అసోసియేషన్ తరఫున ఇలాంటి క్లాసు పెట్టాలని మా అభిప్రాయం. మన పిల్లలకు తెలివి తక్కువేం కాదు, చెప్పే పద్ధతి మారాలి. మీరేమంటారు?