కళ్ళలోకి చూస్తున్నట్టే ఉంటుంది!

అశ్లీల చిత్రాల మీద ప్రసంగాలు మన చర్చిలకు కొత్త కాదు. కాకపోతే మనం ఇంకా చిన్న తెర గురించే హెచ్చరిస్తున్నాం. ఆ తెర ఎప్పుడో కళ్ళద్దాలుగా మారిపోయింది! 2016లో సామాన్యులు కొనుక్కునే వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్లు మార్కెట్లోకి వచ్చాయి. అశ్లీల వ్యాపారం వాటిని అందిపుచ్చుకోవడానికి ఎంతోకాలం పట్టలేదు.

ఆ చిత్రాలను రెండు లెన్సులున్న కెమెరాతో తీస్తారు. మనిషి రెండు కళ్ళ మధ్య ఎంత దూరముంటుందో, ఆ లెన్సుల మధ్యా దాదాపు అంతే, సుమారు 6 సెంటీమీటర్లు. ఒక్కో కంటికి ఒక్కో బొమ్మ అందుతుంది గనుక లోతు తెలుస్తుంది. తల తిప్పితే దృశ్యమూ తిరుగుతుంది. ‘నేను అక్కడే ఉన్నాను’, ‘ఇది నిజంగానే జరుగుతోంది’ అనే రెండు భ్రమలు ఇందులో ఉంటాయని మెల్ స్లేటర్ అనే పరిశోధకుడు 2009లో వివరించాడు. అది బొమ్మేనని బుద్ధికి తెలుసు, అయినా శరీరం నమ్మేస్తుంది. ఇదే భ్రమతో డాక్టర్లు ఆపరేషన్లు నేర్చుకుంటున్నారు, కాబట్టి తప్పు యంత్రానిది కాదు.

అసలు సంగతి ఆ కెమెరా ముందున్న నటిది. ఆమె చూడాల్సింది లెన్సులోకి. గుసగుసలాడాల్సింది మైకు దగ్గర. చూసేవాడి స్థానంలో ఉండే నటుడు ముఖం దగ్గర కెమెరా పెట్టుకుని కదలకుండా, చాలాసార్లు మాట్లాడకుండా ఉండాలి. అలా ఆమె గాజుముక్కను ప్రేమగా చూస్తే, ఎక్కడో గదిలో ఒంటరిగా కూర్చున్నవాడికి ‘నన్నే చూస్తోంది’ అనిపిస్తుంది. ఈ వ్యాపారం అమ్ముకునేది శరీరాన్ని మాత్రమే కాదు, ఆ చూపును కూడా! అతను కాస్త ముందుకు వంగి ఏమైనా అడిగితే ఆమెకు వినబడదు. అతనొకడున్నాడనే ఆమెకు తెలియదు. అతనికి మాత్రం ఆమె గురించి ఏం తెలుసు? ఆ పేరు ఆమెదేనా? ఇష్టంతోనే వచ్చిందా, అప్పు తెచ్చిందా? అందరూ బలవంతం మీదే వచ్చారని మనం అనలేం. స్వేచ్ఛగా వచ్చారని తెలుసుకునే దారి చూసేవాడికీ లేదు. ఇంత దగ్గరగా చూసినా!

ఆదికాండం 16వ అధ్యాయంలో హాగరును గమనించండి. శారయి, అబ్రాము ఆమె శరీరాన్ని తమ అవసరానికి వాడుకున్నారు. కానీ ఆ అధ్యాయంలో వారి మాటల్లో ఆమె పేరు ఒక్కసారైనా వినబడదు, ‘దాసి’ అనే అంటారు. అరణ్యంలో నీటి ఊట దగ్గర ఆమెను మొదట పేరుపెట్టి పిలిచింది దేవుని దూత. ఎక్కడి నుండి వచ్చావు, ఎక్కడికి వెళ్తున్నావని అడిగింది కూడా ఆయనే. అందుకే ఆమె దేవుణ్ణి తనను చూసేవాడని పిలిచింది. హెడ్‌సెట్ తగిలించుకున్నవాడు ఆ రెండు ప్రశ్నల్లో ఒక్కటీ అడగడు, అడగలేడు.

మోహపు చూపు గురించి మాట్లాడినప్పుడు యేసుప్రభువు చూసేవాడి హృదయాన్నే నిలదీశాడు (మత్తయి 5:28), స్త్రీ వేషాన్ని కాదు. మన యూత్ మీటింగుల్లో సగం సమయం ఆడపిల్లల దుస్తులకే పోవడం విచారకరం.

ఈ ఊబిలో ఉన్నవారిలో పెళ్ళికాని కుర్రాళ్ళే కాదు, భార్య పక్క గదిలో ఉండగా అద్దాలు తగిలించుకునే భర్తలూ ఉండవచ్చు. చాలామందిని అటు నెట్టేది కామం కంటే, ‘నన్నెవరూ పట్టించుకోవడం లేదు’ అన్న దిగులే కావచ్చు. ఆ దిగులును సంఘం తీర్చగలదు, తీర్చాలి కూడా. కానీ మన ప్రార్థన చీటీల్లో వీసాలుంటాయి, ఉద్యోగాలుంటాయి, పెళ్ళి సంబంధాలుంటాయి. ఈ బలహీనత రాసిన చీటీ ఎప్పుడైనా వచ్చిందా? రాలేదంటే మన సంఘంలో అది లేదని కాదు, చీటీ చదివేవారి మీద నమ్మకం లేదని!