డిక్రీ వేరు, వసూలు వేరు



మన సమావేశములలో ఇటీవల ఒక మాట తరచుగా వినబడుచున్నది: "కోర్టున్నది కదా, తెలుగునకేమి భయము?" ఈ ధీమాయే మనలను నిద్రపుచ్చుచున్నదని నా అభిప్రాయము.

కోర్టు చేసిన మేలును కాదనువాడను కాను. రాజ్యాంగములోని 29, 30 అధికరణములు భాషను కాపాడుకొను హక్కును, విద్యాలయములు నెలకొల్పి నడపుకొను హక్కును మనకిచ్చినవి. భాషాల్పసంఖ్యాకులెవరని నిర్ణయించుటకు రాష్ట్రమే ప్రమాణమని 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసులో పదునొకండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము తేల్చినది. తమిళనాడు 2006లో తమిళమును నిర్బంధ పాఠ్యాంశముగా చేసి శాసనము తెచ్చినపుడు మనవారు న్యాయస్థానమునకే పోయిరి. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు పదవ తరగతిలోని అల్పసంఖ్యాక భాషల విద్యార్థులకు తమిళ పరీక్షనుండి మినహాయింపు నిచ్చినది. సంతోషమే. కాని అది ఒక్క యేటి మినహాయింపు. వాయిదా దొరికిన అప్పు తీరిన అప్పు కాదని వర్తకులకు వేరుగ చెప్పవలెనా?

ఇక 1956లో ఏడవ సవరణచే చేరిన 350ఎ అధికరణమును చూడుడు. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యములు కల్పించుటకు రాష్ట్రములు "ప్రయత్నింపవలె"నని అందున్నది. కల్పించి తీరవలెనని లేదు. 350బి క్రింద నియమితుడగు ప్రత్యేకాధికారి విచారించి రాష్ట్రపతికి నివేదిక నిచ్చును, ఆజ్ఞ జారీచేయజాలడు.

న్యాయమూర్తులే సాహసించి ఆ లోటు పూరింపవలెనని కొందరందురు. ఇది ప్రమాదకరమైన కోరిక. నేడు మనకొరకు రాజ్యాంగములో లేని మాటను చేర్చగల న్యాయమూర్తి, రేపు మనకున్న మాటను తీసివేయగలడు. హద్దు దాటిన రాజ్యాధికారమును ఆపుట కోర్టు పని. ఉపాధ్యాయుని నియమించుట, పుస్తకము అచ్చువేయుట, సొమ్ము కేటాయించుట ప్రభుత్వము పని. అది మన వోట్లతో ఎన్నికైన వారిని అడుగవలసిన పని. ప్లీడరు గడప అరుగునట్లు తిరుగు మనము శాసనసభ్యుని గడప ఎన్నిమారులు త్రొక్కితిమి?

2014 మే 6న కర్ణాటక భాషామాధ్యమ కేసులో అయిదుగురు న్యాయమూర్తులు, బిడ్డ మాతృభాష ఏదో నిర్ణయించువారు తల్లిదండ్రులే యనియు, ప్రాథమిక విద్యలో మాతృభాషామాధ్యమమును ప్రభుత్వము నిర్బంధింపరాదనియు తీర్పు చెప్పిరి. దాని భావమేమి? తాళపుచెవి మన ఇంటనే యున్నది. తెలుగు తరగతికి పిల్లలను పంపని తండ్రి, ఆ తరగతి మూతపడెనని ఏ కోర్టులో వ్యాజ్యము వేయును?

ఈ తప్పు నా ఇంటను గలదు. మా నాయనగారు తెలుగున వ్రాసిన దుకాణపు చిట్టాలను నా చిన్న కుమారుడు చదువలేడు. ఏ ప్రభుత్వమును అతనిని అడ్డగించలేదు, నేనే నేర్పింపనైతిని. ఈ వేసవినుండి సాయంకాలము దుకాణములోనే అతనిచేత అక్షరములు దిద్దించుచున్నాను.

హక్కునకు భంగము కలిగినపుడు కోర్టుకెక్కుదము, వెనుదీయరాదు. కాని డిక్రీ పెట్టెలో దాచిన బాకీ వసూలు కాదు, అమలు జరుపుకొనవలెను. ప్రతి సభ్యుడును ఈ సంవత్సరము తన ఇంటినుండి ఒక బిడ్డనైనను తెలుగు తరగతిలో చేర్చి, ఆ పేరును సంఘ కార్యదర్శికి తెలుపవలెనని నా మనవి. బెంచీలు నిండిన బడికొరకు వాదించు ప్లీడరునకు బలముండును. ఖాళీ బడికొరకు ఎంతటి ప్లీడరైనను ఏమి వాదించును?