గీత మీద దూలం

ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆర్ట్స్ కళాశాల ముందు నిలబడి చూస్తే, నడిమి మహాద్వారానికి అటూ ఇటూ భవనం ఒకే తీరున సాగిపోతుంది. బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ రూపకల్పన చేయగా 1939లో ప్రారంభమైన కట్టడమిది. అటువంటి భవనపు ప్లాను మీద గ్రిడ్ గీతలు గీయడానికి తల బద్దలు కొట్టుకోనక్కరలేదు. క్యాంపస్ దాటి తార్నాక వీధుల్లోకి వస్తే కథ మారుతుంది. చిన్న స్థలాలు, కింద కార్లు, పైన పడకగదులు. ఇక్కడ గీత ఎక్కడ గీయాలన్నదే అసలు ప్రశ్న.

కట్టడాల డిజైను నా వృత్తి. రెవిట్ నేర్చుకుని వచ్చే యువకులతో తరచూ మాట్లాడుతుంటాను. వారి తెలివితేటల పట్ల నాకు సందేహం లేదు. నా అభ్యంతరమల్లా వారికి నేర్పుతున్న వరుస మీదనే.

రెవిట్‌లో 'ఆన్ గ్రిడ్స్' అనే సదుపాయం ఉంది. ముందుగా గ్రిడ్ గీతలు గీసి, అవి ఖండించుకునే చోట్ల స్తంభాలు నిలిపి, గీతలన్నిటినీ ఎంచుకుని 'ఫినిష్' నొక్కితే చాలు, స్తంభానికీ స్తంభానికీ మధ్య దూలాలు వచ్చి కూర్చుంటాయి. ఒక దిక్కున ఆరు గీతలు, రెండో దిక్కున నాలుగు ఉంటే 24 స్తంభాలు, 38 దూలాలు. చేత్తో ఒక్కొక్కటే గీసిన తరానికి ఇది వరమే, కాదనను. (దూలం అనే చక్కని మాట ఉండగా బీమ్ అంటే తప్ప మనవాళ్ళకు ఇంజినీరింగ్ అనిపించదు. ఆ గొడవ మరోసారి.)

ఆ 38 దూలాలతో తార్నాకలోని ఇల్లు పూర్తి కాదు. బాల్కనీ కోసం చివరి స్తంభం దాటి బయటకు చొచ్చుకుపోయే దూలానికి అవతలి కొసన ఆధారం ఉండదు. స్తంభాల మధ్యనే వెతికే ఆ సదుపాయం దాన్ని వేయదు. మెట్లు మలుపు తిరిగే ల్యాండింగ్ దూలం రెండంతస్తుల నడుమ ఉంటుంది. స్నానాలగది స్లాబును కిందికి దింపినప్పుడు దాని అంచు దూలాలనూ చూసుకోవాలి. రెవిట్ మాత్రం అన్నిటినీ అంతస్తు మట్టంలోనే పెడుతుంది. రెండు గదుల నడిమి ఇటుక గోడ గీతల మధ్య పడితే, దాని కింద అదనపు దూలం కావాలా అని ఆలోచించవలసింది మనిషే. కుదురైన దీర్ఘచతురస్రం మీద మాత్రమే సాధన చేసినవాడికి ఇవేవీ ఎదురుకావు. తెర మీద బొమ్మ నిండుగా కనబడుతుంది, పని అయిపోయిందనుకుంటాడు.

అంతకంటే నన్ను కలవరపెట్టేది మరొకటి. సదుపాయానికి అనువుగా ఉంటుందని పై అంతస్తు గదుల ప్రకారం తిన్నని గీతలు గీస్తారు. అవే స్తంభాలు కింద కార్లు తిరిగే దారికి అడ్డం వస్తాయి. అప్పుడు కింది స్తంభాన్ని పక్కకు జరిపి, పై స్తంభాన్ని దూలం మీద నిలబెడతారు. ఫ్లోటింగ్ కాలమ్ అంటారే, అది. భూకంప బలాలను మోసే ప్రధాన వ్యవస్థలో ఇటువంటి స్తంభాలను నిషేధించాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 1893, 2016 నాటి ప్రతిలో స్పష్టంగా చెప్పింది. హైదరాబాదులో భూకంపాలెక్కడివని కొట్టిపారేసేవారున్నారు. భూకంపం సంగతి అటుంచండి, నాలుగంతస్తుల బరువును పగలూ రాత్రీ మోయవలసింది ఆ ఒక్క దూలమే కదా! మోడల్‌లో మాత్రం అది తక్కిన 37 దూలాల లాగే కనిపిస్తుంది.

బలం లెక్కలు వేరేవారు చూసుకుంటారు, మోడల్ చేసేవాడికి ఇదంతా ఎందుకని ఒక మిత్రుడు వాదించాడు. పెద్ద సంస్థల్లో నిజమే. చిన్న అపార్ట్‌మెంట్ల పనిలో మోడల్ చేసేదీ, లెక్క చూసేదీ చాలాసార్లు ఒక్కరే. ఆ కాగితాన్ని చూసే మేస్త్రీ ఇనుము కట్టిస్తాడు.

కనుక మొదటి పాఠంగా 'ఆన్ గ్రిడ్స్' వద్దంటాను. ముందు విద్యార్థులను టేపు ఇచ్చి తార్నాకలో ఏదైనా అపార్ట్‌మెంటుకు, యజమానుల అనుమతితో, తీసుకువెళ్ళాలి. కింద పార్కింగులో స్తంభాల దూరాలు కొలిచి, పై అంతస్తులో గోడలు ఎక్కడున్నాయో చూసి, ఏ గోడ బరువు ఏ దూలం మీదుగా ఏ స్తంభానికి చేరుతోందో పెన్సిలుతో గీయించాలి. రెవిట్ తెరవడం ఆ మర్నాడు.