జరగన్నా, ఇంకొకరు కూర్చుంటరు

పిట్లం చౌరస్తాలో బాన్సువాడ వైపు పోయే ఆటోను ఒక్కసారి ముందు నుంచి చూడండి. డ్రైవరు సీటు ఒక్కడి కోసం చేసింది. దాని మీద ముగ్గురు. నడుమ డ్రైవరు, ముందుకు జారి, భుజాలు ముడుచుకుని, సీటు అంచున వేలాడుతుంటాడు. బ్రేకు తొక్కాలన్నా నడుము మెలితిప్పాలె. పొద్దుగూకేదాకా అంతే. అలాంటి మనిషి నడుము నొప్పి అంటే మనం చెప్పే మందు: "నిటారుగా కూర్చో అన్నా!"

ఎక్కడ కూర్చోవాలండీ? చోటేదీ?

ట్రాక్టరు మీదా అంతే కథ. నాట్ల కాలంలో దమ్ము చేసేవాడి చేతులు స్టీరింగు మీద, మెడ వెనక్కి రోటవేటరు వైపు. మడత పెట్టిన గోనెసంచే మెత్త. ఆ మెలిక మీదే గంటల తరబడి కుదుపులు.

తెలియక జరుగుతున్నదా ఇది? స్వీడన్ వైద్యుడు నాకెమ్సన్ 1960ల్లోనే వెన్నుపూసల మధ్య డిస్కులోకి సూది దించి ఒత్తిడి కొలిచాడు. నిలబడ్డప్పటి కన్నా కూర్చున్నప్పుడు ఎక్కువ, ముందుకు వంగి కూర్చుంటే మరీ ఎక్కువ అని తేల్చాడు. యూరప్‌లో పనిచేసేవాడి ఒంటికి రోజుకు ఎంత కుదుపు తగలొచ్చో 2002లోనే హద్దు గీశారు. మనకూ 2025 దాకా 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టముండేది: రోజుకు ఎనిమిది గంటలే పని, అయిదు గంటలు నడిపితే కనీసం అరగంట విశ్రాంతి. కానీ అది అయిదుగురు, ఆపైన పనివాళ్లున్న చోటికే. అప్పు మీద ఒక్క ఆటో కొనుక్కున్నోడు ఆ చట్టం కంటికి ఆనేవాడు కాదు. 2025 అక్టోబరు నుంచి కొత్తగా తయారయ్యే లారీల కేబిన్‌కు ఏసీ తప్పనిసరి చేశారు. సంతోషం. మరి నాందేడ్ దారిలో పరుగెత్తే పాత లారీల్లో స్పాంజి అరిగి రేకు తగిలే సీట్ల సంగతి?

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం. మా ఇంటోళ్లూ ఎక్కుతున్నారు, నేను తప్పు పట్టను. కానీ తగ్గిన గిరాకీని ఆటోవాడు ఏం పెట్టి పూడుస్తాడు? ఇంకో రెండు గంటలు, పక్కన ఇంకో మనిషి. అంటే నడుమే పెట్టుబడి.

జనవరి వస్తే రోడ్డు భద్రత మాసం. బ్యానర్లు, ఉపన్యాసాలు, కంటి పరీక్షలు. కళ్లు చూస్తారు, లైసెన్సు చూస్తారు. నీ వీపు ఎట్లుందిరా అని అడిగే దిక్కు లేదు. నొప్పి ముదిరితే ఓ సూది, ఓ బెల్టు. మర్నాడు మళ్లీ అదే సీటు.

ఇన్ని మాటలు చెబుతున్న నేను మొన్న ఏం చేశానో చెప్పనా? బాన్సువాడలో పని, ఆలస్యమైంది. ఆటో వెనక నిండింది. డ్రైవరు అంగీ కింద నడుము బెల్టు ఉబ్బెత్తుగా కనిపిస్తూనే ఉంది. అయినా ముందుకే పోయి నిలబడ్డాను.

"రా సార్, సరిపోతది," అని ఆయన పక్కకు జరిగాడు.