సరిచూసుకోవలసింది న్యాయవాది ఒక్కడేనా? సుప్రీంకోర్టు ఈ-కమిటీకి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఈ-కమిటీ అధ్యక్షులకు, సభ్యులకు,

జిల్లా న్యాయస్థానాలలో కృత్రిమ మేధ (ఏఐ) వాడకంపై కేరళ హైకోర్టు 2025 జులైలో ప్రకటించిన విధానం, తీర్పు నిర్ణయించడానికి ఏఐని ఆశ్రయించరాదనీ, ఆ హైకోర్టు గానీ సుప్రీంకోర్టు గానీ ఆమోదించిన పరికరాలనే వాడాలనీ, వాటి ఫలితాలను మనుషులే సరిచూడాలనీ నిర్దేశించింది. జాగ్రత్త అవసరమే. మరి ఆ ఆమోదానికి గీటురాయి ఏది?

ఉనికిలో లేని తీర్పులను ఉటంకించిన ఉత్తర్వును బెంగళూరు ఆదాయపు పన్ను అప్పిలేట్ ట్రైబ్యునల్ కొద్ది రోజులకే వెనక్కి తీసుకోవలసి వచ్చిన 2024 డిసెంబరు నాటి ఉదంతం కమిటీకి తెలియనిది కాదు. లేని తీర్పు వెతికితే బయటపడుతుంది. ఉన్న తీర్పుకు లేని అర్థం అంటగట్టినప్పుడే చిక్కు. ఏఐఆర్ 1967 ఎస్సీ 1643 అని వెతికితే గోలక్‌నాథ్ తీర్పు సక్రమంగానే దొరుకుతుంది. పదకొండుగురు న్యాయమూర్తులు 6-5గా చీలిన ఆ తీర్పులో, విభేదించినవారి పేరాను పరికరం మెజారిటీ మాటగా చూపినా, 1973లో కేశవానంద భారతి కేసు తీర్పు దానిని తోసిపుచ్చిన సంగతి దాచినా, సైటేషన్ నిజమే, పేరా నిజమే, వాదన మాత్రం కూలిపోతుంది. ముందుగా తీర్పుల నిధి నుంచి సంబంధిత పాఠాలను వెలికితీసి, వాటి ఆధారంగానే జవాబు కూర్చే పద్ధతిలో నడిచే పేరుమోసిన అమెరికన్ న్యాయ పరిశోధన పరికరాలు సైతం 17 నుంచి 33 శాతం సందర్భాలలో తప్పుదోవ పట్టించాయని 2024లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు తేల్చారు.

ఈ-కోర్టుల ప్రాజెక్టు మూడో దశకు కేటాయించిన రూ.7,210 కోట్లలో ఏఐ, బ్లాక్‌చెయిన్ వంటి కొత్త సాంకేతికతలకు రూ.53.57 కోట్లు ఉన్నాయి. అందులో పరికరాలను బహిరంగంగా పరీక్షించడానికి ఎంత? ప్రతి వాక్యానికీ అధికారిక ప్రతిలోని పేరా, ధర్మాసనంలోని న్యాయమూర్తుల సంఖ్య, తీర్పు నేటికీ చెల్లుతుందా లేదా అన్న వివరం చూపాలన్న షరతు ఎందుకు ఉండరాదు? తెలియనప్పుడు ‘దొరకలేదు’ అని చెప్పలేని పరికరాన్ని కోర్టు గుమ్మం ఎందుకు తొక్కనివ్వాలి? కక్షిదారు రహస్యాలు ఏ సర్వరులో చేరుతున్నాయో అడిగేదెవరు? ఖరీదైన చందాలు కట్టలేని తాలూకా కోర్టు జూనియర్ దేనిని నమ్మాలి?

దాఖలు చేసిన కాగితానికి న్యాయవాదే బాధ్యుడన్నది నిర్వివాదం. కానీ పరికరాన్ని పరీక్షించే బాధ్యత ఎవరూ తీసుకోకుండా, దానిని నమ్మినవాడిని మాత్రమే బోనెక్కించడం న్యాయం అనిపించుకోదు. ఈ విషయంలో కమిటీ ఇకనైనా చొరవ చూపాలి.

ఇట్లు,
ఒక న్యాయవాది