7 రోజులకి పేరుంది, 27 ఏళ్ళకి లేదా?

మొన్న సెలవులకి ఊరెళ్ళినప్పుడు అందరం శ్రీకాకుళం వెళ్ళాం. ఉత్తరాంధ్ర శ్రీకాకుళం కాదండోయ్, కృష్ణ ఒడ్డున ఘంటసాల దగ్గరున్న మన శ్రీకాకుళం. ఆంధ్ర మహావిష్ణువు గుడిలో మావయ్య మా అబ్బాయికి కథ చెబుతున్నాడు. ఈయన ఒకప్పుడు ఆంధ్రుల్ని ఏలిన రాజనీ, నిశుంభుడనే రాక్షసుణ్ణి చంపాడనీ, కృష్ణదేవరాయలకి కలలో కనబడి ఆముక్తమాల్యద రాయమన్నది ఈ స్వామేననీ.

"తర్వాత ఇక్కడ రాజులెవరు తాతయ్యా?" అన్నాడు వాడు. ఇక నేను ఊరుకుంటానా, తలదూర్చా. 624లో కుబ్జ విష్ణువర్ధనుడితో మొదలెట్టి తూర్పు చాళుక్యులందర్నీ గడగడా అప్పజెప్పి, "973 నుంచి 27 ఏళ్ళు వేంగికి రాజే లేడు, అంతా అరాజకం" అన్నా. ఎప్పుడో పోటీ పరీక్షల గైడులో బట్టీపట్టిన ముక్క అది.

"మరి ఆ 27 ఏళ్ళూ శిస్తు ఎవరికి కట్టార్రా?" అన్నాడు మావయ్య.

నోరు పెగల్లేదు. ఇంటికొచ్చాక పుస్తకాలు తిరగేస్తే సిగ్గేసింది, తర్వాత ఒళ్ళు మండింది.

రాజు లేకపోవడమేంటండీ, ఉన్నాడు. పేరు జటాచోడ భీముడు. ఇప్పటి కర్నూలు వైపు పెదకల్లు ఏలిన తెలుగు చోడ వంశంవాడు, రెండో అమ్మరాజుకి బావమరిది. 973లో దానార్ణవుణ్ణి చంపి వేంగి తీసుకున్నాడు. దానార్ణవుడి కొడుకులు శక్తివర్మ, విమలాదిత్యుడు తంజావూరు పారిపోయి రాజరాజ చోళుడి పంచన చేరారు. 999 ప్రాంతంలో చోళసైన్యం వచ్చిపడితే, భీముడు ఓడినా ఊరుకోలేదు, తిరగబడి 1001 ప్రాంతంలో కంచి దాకా వెళ్ళాడు. అక్కడి కైలాసనాథాలయంలో అతని శాసనం ఉంది. లేని రాజు శాసనం వేయిస్తాడా?

ఇప్పుడు "రాజు లేడు" అన్నదెవరో చూడండి. చోళుల అండతో గద్దెనెక్కిన చాళుక్యుల వారసులు. రాజరాజ నరేంద్రుడి కోరుమిల్లి శాసనంలో వంశక్రమం ఉంటుంది: దానార్ణవుడు మూడేళ్ళు, ఆ తర్వాత దైవం వక్రించి 27 ఏళ్ళు నాయకుడు లేని నేల, ఆ తర్వాత శక్తివర్మ 12 ఏళ్ళు. అంతే.

పోనీ వాళ్ళకి లెక్కల పట్టింపు లేదేమో అంటారా? భలేవారే. ఇంద్రభట్టారకుడు ఏలింది 7 రోజులు, పేరుంది. బేత విజయాదిత్యుడు 15 రోజులు, పేరుంది. తాడపరాజు ఒక నెల, అతనికీ ఉంది. నేను పొద్దస్తమానం లాగ్ ఫైళ్ళు చదువుకుని బతికేవాణ్ణి. ఏడు రోజుల సెషన్‌ని కూడా వదలకుండా రాసిన సిస్టమ్‌లో 27 ఏళ్ళు ఖాళీగా కనబడితే సర్వర్ పడిపోయిందనుకోను. ఎవడో చెరిపాడనుకుంటాను. పైగా చెరిపినవాడు ఏళ్ళ లెక్క మాత్రం అలాగే వదిలేశాడు!

తమాషా ఏంటంటే శత్రువులే నయం. చోళుల తిరువాలంగాడు రాగిరేకుల్లో, రాజరాజు ఆంధ్రరాజు భీముణ్ణి చంపాడని పేరుపెట్టి మరీ చెప్పుకున్నారు. చంపినవాడు రాజన్నాడు, సింహాసనం తీసుకున్నవాడు అసలు లేడన్నాడు.

మరి మనం వీళ్ళ మాటే ఎందుకు నమ్ముతున్నాం? నా ఉద్దేశంలో కారణం నన్నయ. రాజరాజ నరేంద్రుడు మనకి భారతం ఇప్పించిన రాజు. ఆ కృతజ్ఞతలో ఆయన ఆస్థానం రాసిన వంశచరిత్రక్కూడా భారతమంత గౌరవం ఇచ్చేశాం. భారతానికి దణ్ణం పెడదాం. శాసనాన్ని మాత్రం శాసనంలాగే చదవాలి కదా.

"అతను హంతకుడు కదా, అక్రమంగా గద్దెనెక్కాడు కదా" అనేవాళ్ళున్నారు. నిజమే. కానీ ఆ దానార్ణవుడు మాత్రం సవతి తమ్ముడు అమ్మరాజుని తొలగించే ఎక్కాడని చరిత్రకారులే రాశారు. చేసిన పని ఒకటే, వంశంవాడు చేస్తే పాలన, బయటివాడు చేస్తే అరాజకమా? ఇంకో రకం వాళ్ళు ఇతన్ని తమిళుల్ని ఎదిరించిన తెలుగు వీరుడంటూ విగ్రహం పెట్టడానికి తయారవుతారు. వద్దు బాబూ. విమలాదిత్యుడు రాజరాజ చోళుడి కూతురు కుందవ్వని చేసుకున్నాడు, వాళ్ళ కొడుకే మన రాజరాజ నరేంద్రుడు. ఆ గొడవలో ఎవరూ భాష కోసం కొట్టుకోలేదు.

నేనడిగేది విగ్రహం కాదు, జాబితాలో ఒక వరస. శాసనమన్నది లేని ఆంధ్రవిష్ణువుని తరతరాలుగా రాజని చెప్పుకుంటున్నాం, గుడిలో కొలుస్తున్నాం, అది నమ్మకం, నాకేం అభ్యంతరం లేదు. శాసనం ఉన్నవాణ్ణి మాత్రం "లేడు" అని పిల్లలకి నేర్పుతున్నాం చూశారూ, దాన్ని ఏమనాలి?

నిన్న మావయ్యకి ఫోన్ చేసి చెప్పా, శిస్తు జటాచోడ భీముడికి కట్టారని.

"ఎవరికో ఒకరికి కట్టకుండా ఎక్కడ వదుల్తార్రా" అన్నాడు.