కలకత్తా అను గగననౌక

1928 ఫిబ్రవరి 13వ తేదీన ఇంగ్లండులోని రోచెస్టరు పట్టణమున, షార్టు సోదరుల కర్మాగారమునుండి మెడ్వే నదిలోనికి దింపిన ‘కలకత్తా’ అను గగననౌకను వెంటనే ఎగురనీయక, అడుగున నీరు ఊరునేమో చూతమని రాత్రియంతయు నదిలోనే కట్టియుంచి, మరునాటి ఉదయమున గాని పైలట్ లాంకెస్టర్ పార్కరు దానిని గాలిలోనికి లేపలేదు. దాని చరిత్రలో నాకు మిక్కిలి గౌరవము గొలుపు ఘట్టము ఈ నిరీక్షణయే.

అంతకు మునుపటి గగననౌకల అడుగుభాగము సాధారణముగా కొయ్యతో చేయబడెడిది. నీట నిలిచినకొలది కొయ్య నాని బరువెక్కును. ఆ పెరిగిన బరువు ప్రయాణికునికో టపాకో దక్కవలసిన చోటును హరించును. ఉప్పునీరు లోహమును తినివేయునని పలువురు శంకించుచుండినను, ఆస్వాల్డ్ షార్టు డ్యూరాలుమిన్ అను మిశ్రలోహమునే నమ్మి, 1924లో ‘కాకిల్’ అను చిన్న విమానముతో ఆరంభించి, సైన్యమునకై నిర్మించిన ‘సింగపూరు’ మీదుగా ఈ పదునైదుగురు ప్రయాణికుల నౌకవరకును వచ్చెను. మూడు జూపిటర్ ఇంజనులు దానిని మోసెడివి. ప్రయాణికులు గదిలో సుఖాసీనులై యుండగా, పైలట్లు మాత్రము పైకప్పులేని చోట ఎండవానల కోర్చి కూర్చుండెడివారు. ఆ ఆగస్టులో అది లండను నడుమ థేమ్సు నదిపై దిగి, పార్లమెంటు సభ్యుల దర్శనార్థము మూడు దినములు నిలిచెను.

1929 మార్చిలో ఇంపీరియల్ ఎయిర్‌వేస్ సంస్థ లండను–కరాచీ మార్గమును తెరచినప్పుడు, పేరు కలకత్తాయే యైనను దాని పాలబడినది మధ్యధరా సముద్రము. అక్కడనే దాని దౌర్బల్యము బయటపడెను. అదే సంవత్సరము అక్టోబరు 26న, కలకత్తా తరగతికే చెందిన ‘సిటీ ఆఫ్ రోమ్’ అను నౌక ఇటలీలోని స్పెజియా సమీపమున తుపానులో సముద్రముపై దిగవలసివచ్చి, అందున్న ఏడుగురితో కూడ మునిగిపోయెను. 1935 డిసెంబరు 31 రాత్రి అదే తరగతికి చెందిన ‘సిటీ ఆఫ్ ఖార్టూమ్’ అలెగ్జాండ్రియా రేవును చేరబోవుచుండగా మూడు ఇంజనులును ఆగి కూలినది. పండ్రెండుగురు మరణింపగా పైలట్ ఒక్కడే, గంటలకొలది అలలతో పోరాడిన పిమ్మట, యుద్ధనౌకచే రక్షింపబడెను. రేవు వెలుగులు కనబడునంతటి చేరువలో ఇంతటి జాప్యము!

నీటిపై దిగగలదు గనుక నీటివిమానము సహజముగనే సురక్షితమను మాటను నేను అంగీకరింపను. నిశ్చలజలము ఆదరించును, కల్లోలజలము లోహమునైనను లెక్కచేయదు. నౌకను రాత్రియంతయు పరీక్షించిన శ్రద్ధ, ఆపదలో దానిని చేరవలసిన పడవలకును రేవు కావలికిని సమానముగ దక్కవలసియుండెను.

2024 నవంబరులో విజయవాడనుండి శ్రీశైలమునకు నీటివిమానము ప్రయోగాత్మకముగ ఎగిరినది. ఆ సర్వీసు నిత్యమగుటను నేను మనఃపూర్వకముగ కోరుచున్నాను. అయితే టిక్కెట్టు ధరను నిర్ణయించుటకు ముందే, కృష్ణపై గాలి తీరును అనుక్షణము తెలుపు ఏర్పాటును, దిగు తావునకు నిమిషములలో చేరగల రక్షకపడవలను, వానిని చీకటిలో నడపుటకు అభ్యాసము గల సిబ్బందిని ప్రభుత్వము సిద్ధపరచి, ఆ సిద్ధతను ప్రజలయెదుట పరీక్షించి చూపవలెను.